బోర్డు ఆరేలోగా

ఆరాలి. ముందు ఇది ఆరాలి. తడి మిగిలుండగా కరెంటు ఇచ్చానంటే ఇన్ని రోజుల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే, అందుకని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను, నాకు చేతకాని పని ఏదైనా ఉందంటే అది ఇదే. టేబుల్ ఫ్యాను అటూ ఇటూ తల తిప్పుతోంది, సర్క్యూట్ బోర్డు వైపు తిరిగినప్పుడల్లా స్పిరిట్ వాసన గుప్పుమంటోంది, నా వైపు తిరిగినప్పుడు మెడ మీద చెమట చల్లబడుతోంది. గంట. కడిగిన బోర్డుని కనీసం గంట ఆరనివ్వాలి అని నా దగ్గరికి రిపేరుకి వచ్చేవాళ్ళందరికీ నేనే చెబుతాను, చెప్పినంత తేలిక కాదని ఇప్పుడు తెలుస్తోంది. నిదానమే ప్రధానం అన్నారు, ఆలస్యం అమృతం విషం అనీ అన్నారు, ఆ రెండు మాటలూ ఒక్క మనిషే అని ఉంటే ఆ రోజు వాడు కూడా ఇలాగే ఏదో కడిగి ఆరబెట్టుకుని దాని ముందు కూర్చుని ఉంటాడు. పోనీ, పెద్ద భయం మొన్ననే పోయింది. బతికింది కదా. స్క్రీను వెలిగింది, డిస్కు తిరిగింది, లోపలి చిన్న ఫ్యాను మునుపటిలాగే గొణుక్కుంది, ఇక ఇది చావదు అని తెలిశాక ఈ కుర్చీలోనే వెనక్కి వాలి ఎంత పొడుగు ఊపిరి వదిలానో నాకే తెలుసు. మిగిలింది గొంతొక్కటే. గొంతొక్కటే అని తేలిగ్గా అంటున్నాను గానీ అమ్మకి కావలసింది ఆ గొంతే, నాకు కావలసిందీ అదే.

ఇది అమ్మ లాప్‌టాప్ అంటే సరిపోదు, అమ్మ నోరు అనాలి. నాకు సరిగ్గా ఊహ తెలిసేసరికే అమ్మకి గొంతు ఆపరేషన్ అయిపోయింది, ప్రాణం దక్కింది, మాట పోయింది. అంతకుముందు అమ్మ పాడేదట, గోడ అవతలి వాళ్ళని ఇక్కణ్ణించే కేకేసేదట, నవ్విందంటే వీధి చివరికి వినిపించేదట, అన్నీ అటలే, ఒక్క క్యాసెట్ కూడా లేదు, ఆ రోజుల్లో ఎవరు రికార్డు చేసుకుంటారు. అమ్మ అసలు గొంతు నాకు గుర్తు లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని వెతికినా నాకు దొరికేది మామయ్య తయారుచేసిన గొంతే, మందంగా, నిదానంగా, మధ్యాహ్నం కునుకులోంచి లేచిన కాపలావాడు మాట్లాడినట్టుండే ఆ గొంతు. జ్వరం వచ్చినప్పుడు మందు వేసుకోమన్నది అదే, పరీక్ష పోయినప్పుడు ఏం కాదులే అన్నది అదే, నా పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళని నిలబెట్టి మా అమ్మాయి వంట చేయదు, కంప్యూటర్లు చేస్తుంది అని చెప్పిందీ అదే. మిషను గొంతు కదా అని ఎవరైనా అంటే నాకు ఎంత కోపం వస్తుందో, మరి మీ అమ్మ గొంతు దేనితో చేశారు, మాంసంతోనేగా, అంత తేడా ఏముంది అందులో.

మామయ్యంటే అమ్మ తమ్ముడు, రేడియోలు బాగుచేసేవాడు. ఇంట్లో అందరూ ఉజ్జాయింపు అనే పిలిచేవాళ్ళు, ఎందుకంటే ఆయన బతుకులో ఏదీ కొలిచి చేయలేదు. వైరెంత కావాలి అంటే చెయ్యి చాపి ఇంత అనేవాడు, ఎప్పుడొస్తావు అంటే ఎండ తగ్గాక అనేవాడు. ఆయనవన్నీ కాకిలెక్కలు, చేసినవన్నీ పనిచేసేవి, ఆయన మీద అందరి కోపమూ అదే. ఏదో ఆఫీసులో పారేసిన లాప్‌టాప్ ఒకటి పట్టుకొచ్చాడు, అందులో ఫ్లాపీ డ్రైవుని ఎవరో ముందే పీక్కుపోయారు, ఆ ఖాళీ గూట్లో మాట్లాడే చిప్పు ఉన్న చిన్న బోర్డు ఇరికించి, పక్కన రేడియో స్పీకరు కూర్చోబెట్టాడు. ఎంటర్ కీ ఊడిపోయి ఉంటే తన చొక్కా గుండీ తెంపి అతికించాడు. అమ్మ టైపు చేసి గుండీ నొక్కుతుంది, గొంతు పలుకుతుంది. ణ, ళ దానికి రావు. నీళ్ళు అనమంటే నీల్లు అంటుంది, నేనూ అలాగే నేర్చుకున్నాను, బడిలో టీచరమ్మ బెత్తం బల్ల మీద పెట్టి మీ ఇంట్లో ఇలాగే మాట్లాడతారా అంటే అవునండీ అన్నాను. నిజమేగా. పై వరస కీల్లో అమ్మ రోజూ వాడే మాటలు ఒక్కోదానికి ఒక్కోటి దాచిపెట్టాడు, మొదటిది భోజనానికి రండి, రెండోది ఆ తడి తువ్వాలు దండెం మీద వేయండి, మూడోది ‘నాకు తెలుసు’ అన్న మాట. మూడో కీ మీది అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి, అంతలా తెలిసేది అమ్మకి అన్నీ.

హాల్లో టీవీ మోగిపోతోంది, నాన్న. బస్సు డ్రైవరుగా ఇంజను పక్కన కూర్చుని కూర్చుని చెవులు పాడుచేసుకున్నాడు, సన్నటి చప్పుళ్ళేవీ ఆయనకి అందవు, కాలింగ్ బెల్ అందదు, ఫోను అందదు, నేను అరిచినా సగమే అందుతుంది, అమ్మ గొంతు మాత్రం వంటింట్లోంచి పెరటి దాకా అందేది, ఆ మందపు గొంతుకీ ఆ మొద్దు చెవులకీ అలా కుదిరింది. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్ళు. అమ్మ టైపు చేసేలోగా నాన్న తప్పించుకుని బయటికి నడిచేవాడు, గుమ్మం దాటేలోపు గొంతు వెనకాలే వెళ్ళి పట్టుకునేది, ఏమండీ, పారిపోతే మాట వినిపించదనుకున్నారా. నాన్న అక్కడే ఆగి, వినిపించిందే తల్లీ, వీధంతా వినిపించింది, అనేవాడు. ఆ మిషను ఆగిపోయిన రోజు నుంచీ ఇంట్లో పోట్లాట లేదు. పోట్లాట లేని ఇల్లు ఎంత భయంగా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు. అమ్మ ఇంత చీటీ మీద ఉప్పు అయిపోయింది అని రాసి ఫ్రిజ్ మీద పెడుతుంది, నాన్న కళ్ళజోడు వెతుక్కుని చదివి వెళ్ళి తెస్తాడు, అంతే, ఇద్దరూ ఒకే గదిలో అద్దెకున్నవాళ్ళలా తిరుగుతున్నారు. అన్నయ్య కొత్త ఫోను తెచ్చి చాలా రోజులైంది, అందులో టైపు చేస్తే తేనె పూసినట్టు ఒకావిడ మాట్లాడుతుంది, ణలూ ళలూ చక్కగా పలుకుతుంది. అప్పటికి మిషను బాగానే ఉంది, అమ్మ ఆవిడ మాట ఒక్కసారి విని, నెమ్మదిగా తన లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఈవిడెవర్రా, ఈ వయసులో నాకు సవతా, అంది. అన్నయ్య మొహం చూడాలి. మిషను పోయాక మళ్ళీ అదే ఫోను చేతికిస్తే ఈసారి జోక్ వేయడానికి అమ్మ దగ్గర ఏమీ లేదు, ఫోనుని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టేసింది.

అందుకే నేను దీని మీద పడ్డాను, పడ్డాక తల ప్రాణం తోకకొచ్చింది. లోపలి బ్యాటరీ కారి రాగి గీతల్ని తినేసింది, మూత కీలు విరిగింది, స్క్రూలు సగం లేవు. పాత లాప్‌టాప్‌లతో ఉన్న గొడవే ఇది, లోపలి ఆ చిన్న బ్యాటరీ చచ్చిపోతే తన ఒంట్లో ఏ డిస్కు ఉందో దానికే గుర్తుండదు, మనం కూర్చుని చెప్పాలి, చెబుదామంటే ఆ సెట్టింగుల పేజీ ఏ కీలు కలిపి నొక్కితే తెరుచుకుంటుందో ఎక్కడా రాసి ఉండదు, తయారుచేసినవాళ్ళు కూడా ఎప్పుడో దుకాణం కట్టేశారు. ఊహించి, ఊహించి, ఒకసారి విసుగొచ్చి అరచెయ్యంతా కీబోర్డు మీద మోపితే తెరుచుకుంది. అప్పుడు నవ్వాను, పక్కన ఎవరూ లేకపోయినా నవ్వాను. డిస్కు కనిపించింది, అమ్మ దాచుకున్న మాటలన్నీ అలాగే ఉన్నాయి, భోజనానికి రండి, తువ్వాలు, నాకు తెలుసు. ఇక చివరికి మాట్లాడే బోర్డు. అక్కడ చేశాను నా ఘనకార్యం.

నా వృత్తే నా కొంప ముంచింది. నా దగ్గరికి వచ్చే పాత లాప్‌టాపుల్లో చాలావరకు సేకరించేవాళ్ళవి, వాళ్ళకి ఒకటే పిచ్చి, ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలా ఉండాలి, స్క్రూ రంగు కూడా మారకూడదు. మొన్నొకాయన, బట్టతల, చేతికి గ్లౌజులు తొడుక్కుని వచ్చి, అమ్మా, ఈ రబ్బరు బొడిపె వేరే మోడల్‌ది, అన్నాడు. అడుగున, ఎవరికీ కనిపించని చోట. ఏళ్ళ తరబడి ఇలాంటి వాళ్ళతో వేగి వేగి నాకూ అదే జబ్బు అంటుకుంది, వేరేది కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మామయ్య బోర్డు మీద పాటకి వేసినట్టు చిప్పుకి తాళం వేసే ముక్క ఒకటుంటుంది, క్రిస్టల్ అంటాం, చిటికెన వేలి గోరంత, చిప్పు ఎంత వేగంగా నడవాలో అదే చెబుతుంది. మామయ్య వేసింది నారింజ రంగులో, కాళ్ళకి పచ్చటి తుప్పు, పైన ఆయన మార్కు జిగురు ముద్ద. చూడగానే తెలిసింది అది ఈ చిప్పుకి వేయాల్సినది కాదని. ఉజ్జాయింపు గారూ, ఇక్కడ కూడానా, అని నవ్వుకుని దాన్ని పీకేసి, పుస్తకంలో ఉన్న ప్రకారం సరైనది, సరికొత్తది వేసి, పాతదాన్ని చెత్తబుట్టలో పడేశాను. ఆ మర్నాడు పొద్దున్నే చెత్తబండి వచ్చి వెళ్ళింది. నేనే బుట్ట ఎత్తి ఇచ్చాను, పైగా బండి అతనికి థాంక్స్ కూడా చెప్పాను.

నిన్న అమ్మని పిలిచి కూర్చోబెట్టాను. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది, గుండీని ఒకసారి వేలితో నిమిరింది, ఏదో చిన్న మాట టైపు చేసి నొక్కింది. సన్నగా, గబగబా, చిలకలా పలికింది. చిప్పు ఎలా మాట్లాడాలో అలా మాట్లాడింది, తయారుచేసినవాళ్ళు వింటే మెచ్చుకునేలా. అమ్మ ఇంకోసారి నొక్కింది. తర్వాత నా వైపు చూడకుండా, ఎవరే ఇది, అని టైపు చేసింది, అది కూడా ఆ చిలకే చదివింది. వెనక నాన్న నిలబడి ఉన్నాడు, పెదాల వైపు చూసినట్టు స్పీకరు వైపు చూస్తున్నాడు, ఏమంటోంది, ఏమైనా అందా, అని నన్ను అడిగాడు. నాన్నకి అందలేదు. అమ్మ మూత నెమ్మదిగా మూసి, నా తల మీద చెయ్యి వేసి, పోనీలే అన్నట్టు ఒకసారి తట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది, తిట్టడానికి గొంతు ఉంటే కదా. అప్పుడర్థమైంది నాకు, మామయ్య వేసిన ఆ తప్పు ముక్కే అమ్మ గొంతు. చిప్పు నడవాల్సినంత వేగంగా నడవకపోబట్టే అది మా అమ్మయింది, నేను దాన్ని సరిచేసి ఎవరో పరాయిదాన్ని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టాను.

ఆ తర్వాత నిన్నంతా నా డబ్బాలు తిరగేసి దొరికిన ప్రతి క్రిస్టలూ వేసి చూశాను. ఒకటి వేస్తే చంటిపిల్ల, ఇంకొకటి వేస్తే తాగొచ్చినవాడు, మరొకటి వేస్తే మాటే లేదు, ఈల. బోర్డు మీద వరసగా చిన్న చిన్న మీటలున్నాయి, ఏది దేనికో ఎక్కడా లేదు, మామయ్య చెవితో విని అటూ ఇటూ నెట్టినవే, వాటితో కూడా ఆడాను, ముక్కుతో మాట్లాడింది, గుసగుసలాడింది, అమ్మ మాత్రం రాలేదు. చివరికి మీటలన్నిటినీ ఫోటోలో ఉన్నట్టే పెట్టేశాను. ఫోటోలు తీయకుండా నేను స్క్రూ కూడా విప్పను, కానీ ఆ నారింజ ముక్క ఫోటోలో దాని మీద అంకె లేదు, జిగురు ముద్ద ఉంది, అంచున కాస్త రంగు ఉంది. కాల్చి పీకి, కాల్చి పీకి, ఆ చోట రాగి గీత బోర్డు మీంచి లేస్తోంది, అతకకుండా గుచ్చి తీసే సాకెట్ పెడదామంటే ఆ ఇరుకులో మూత మూసుకోదు. ఇంకొక్కసారి అతకొచ్చు, అంతకుమించి ఆ రాగి ఆగదు. ఆ ఒక్కసారి ఏది వేయాలో తెలియక, చేతులకి ఏదో ఒక పని చెప్పాలి కాబట్టి, బోర్డంతా కడిగి ఆరబెట్టాను. ఇదిగో, ఇలా కూర్చున్నాను.

ఎక్కడ తెచ్చుంటాడు. కొని ఉండడు, మామయ్య దేన్నీ కొనడు, కొంటే అది ఉజ్జాయింపు ఎందుకవుతుంది. దేంట్లోంచో పీకి ఉంటాడు. ఫ్యాను తల తిప్పింది, స్పిరిట్ వాసన తగ్గింది, ఎదురింట్లో కుట్టు మిషను చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది, గోడ మీద ఎండ ముక్క నెమ్మదిగా కిందికి జారుతోంది. రేడియోలోంచా, రేడియోల్లో అలాంటిది ఉండదు. గడియారంలోంచా, గడియారంలోది సన్నగా వెండి రంగులో ఉంటుంది, పిల్లల బొమ్మలోంచా, నాకు మాట్లాడే బొమ్మలేమీ లేవు, నా బొమ్మలన్నీ మూగవే. మామయ్యని అడుగుదామంటే ఆయన పోయి చాలా కాలమైంది, పోయేటప్పుడు కూడా ఎప్పుడు అని ఎవరికీ సరిగ్గా చెప్పలేదు, సాయంత్రం వస్తానని కబురు పెట్టి రాలేదు. మీరు బతికుంటే ఇప్పుడు మీ జుట్టు పీకేదాన్ని మామయ్యా. జిగురు ముద్ద వేయకపోతే కొంప మునిగేదా. మునిగేదేమో, కదిలి పడిపోయేదేమో, నేను అన్నీ తెలిసినట్టు మాట్లాడతాను గానీ ఇన్నేళ్ళు ఒక్కసారి కూడా ఆగకుండా మా అమ్మ చేత మాట్లాడించింది ఆ జిగురే కదా.

టప్ టప్ టప్. హాల్లో నాన్న రిమోట్‌ని అరచేతికేసి కొడుతున్నాడు. దాని బ్యాటరీ మూత ఎప్పుడో పోయింది, రబ్బరు బ్యాండు చుట్టి ఉంటుంది, కొత్త టీవీ కొందామంటే ఒప్పుకోడు, ఇది పోయాక చూద్దాం అంటాడు, అది పోదు. టప్ టప్. కొడితే పనిచేస్తుందన్న నమ్మకం ఈ ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. చిన్నప్పుడు కూడా ఇంతే, మా మొదటి టీవీ రిమోట్ ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే నాన్న దాన్ని కొట్టి కొట్టి చూసి, చివరికి నా వైపు చూశాడు. నేలకేసి కొట్టావా. లేదు నాన్నా. నీళ్ళలో వేశావా. లేదు నాన్నా. ఎవరూ నమ్మలేదు, ఇంట్లో ఏది పాడైనా నేనే, అన్నయ్య ఎప్పుడూ మంచివాడే. అప్పుడేగా. ఆ రోజేగా మామయ్య ఈ మిషను సంచిలో పెట్టుకుని వచ్చింది. ఆ సాయంత్రమే. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, అక్కా, ఏదైనా కొట్టి ఈ గుండీ నొక్కు, అన్నాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. ఆపరేషన్ తర్వాత అమ్మ మాట్లాడబోయే మొదటి మాట, నాన్న అప్పటికే కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధంగా రుమాలు తీశాడు, అన్నయ్య తన పేరే అంటుందని ముందుకి జరిగాడు, నేను నా పేరే అని. అమ్మ ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు కొట్టింది. నొక్కింది. ఆ మందపు గొంతు, ఆ నిదానం, మొట్టమొదటిసారి మా ఇంట్లో పలికింది. రిమోట్ పాడుచేసింది ఎవరు?

నాకు అమ్మ గొంతు గుర్తున్నది అక్కణ్ణించే. అదే మొదటి మాట. అందరూ పగలబడి నవ్వారు, నాన్న నవ్వుతూనే ఏడ్చాడు, నేను మాత్రం ఏడుస్తూనే ఏడ్చాను, నేను కాదు, నేను కాదు అని, ఆ గొంతు రాగానే మొదట నన్నే దొంగని చేసిందని. మామయ్య ఏం చేశాడు అప్పుడు. దగ్గాడు. పొలమారినట్టు దగ్గి దగ్గి, మంచినీళ్ళంటూ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. అవును, వెళ్ళాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ మర్నాడు నాకోసం మళ్ళీ వచ్చాడు, ఎండ తగ్గకముందే వచ్చాడు, పసుపు పిడి ఉన్న స్క్రూడ్రైవరు ఒకటి నా చేతిలో పెట్టి, కోడలు పిల్లా, ఇది నీదే, ఇక నువ్వు ఏం విప్పినా ఎవరూ ఏమీ అనకూడదని మీ అమ్మకి గట్టిగా చెప్పాను, అన్నాడు. ఎందుకిచ్చాడో అడగలేదు నేను, ఊరికే ఇచ్చాడని మురిసిపోయాను, దాంతో మొదలుపెట్టి ఇల్లంతా విప్పాను, చదువు విప్పాను, ఇంట్లోనే ఈ దుకాణం పెట్టాను. లంచం. మామయ్యా, అది లంచం. చిన్నపిల్ల మీద నేరం మోపి నిద్ర పట్టక ఇచ్చిన లంచంతో నా బతుకంతా నడిచిందా. కోపం రావాలి కదా నాకు, రావడం లేదు, కడుపులోంచి నవ్వొస్తోంది, కళ్ళలో నీళ్ళొస్తున్నాయి, లేచి నిలబడ్డానని కూడా కుర్చీ వెనక్కి పడ్డాక తెలిసింది. ఆయన పీకింది ఆ రిమోట్‌లోంచే, అలాంటి ముక్క రిమోట్‌లో ఉంటుంది. నారింజ రంగులో. టీవీల జోలికి ఎప్పుడూ పోలేదు కాబట్టి తట్టలేదు, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.

హాల్లో అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నాన్న మ్యాచ్ చూస్తున్నాడు. నాన్నా, అది ఇటివ్వు, అన్నాను, వినపడలేదు, చేతిలోంచి లాక్కున్నాను. "ఏమిటే! చివరి ఓవరు!" అన్నాడు. "గంటలో ఇచ్చేస్తాను నాన్నా" అని గట్టిగా అబద్ధం చెప్పాను. అమ్మ మడత ఆపి నా వైపు చూసింది, కనుబొమలు పైకి లేచాయి, ఏమిటి అన్నట్టు చెయ్యి తిప్పింది. రిమోట్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేశాను, చెబితే మళ్ళీ నిన్నటిలా అవుతుందని భయం, ఇంకోసారి అమ్మని ఆ కుర్చీలో కూర్చోబెట్టి పోనీలే అనిపించలేను. రబ్బరు బ్యాండు తీశాను, పై డొప్ప గట్టిగా ఉంది, సందులో పసుపు పిడి స్క్రూడ్రైవరు దూర్చి తిప్పితే టక్కున విడింది. బిస్కెట్ పొడి, దుమ్ము, చిన్న చీమ ఒకటి, ఎప్పుడు చచ్చిందో. దాని కింద, మూలకి, రెండు కాళ్ళ మీద నిలబడి, నారింజ రంగు ముక్క. జిగురు లేదు. అంకె స్పష్టంగా ఉంది. నా దగ్గరున్న వేటి మీదా లేని అంకె. అమ్మయ్య అన్నాను పైకే, స్టూలు మీద కూర్చుండిపోయాను. అయినా అన్ని రిమోట్లలోనూ ఇదే ఉంటుందని ఏముంది, ఆ మొదటి టీవీ వేరు, ఈ టీవీ వేరు, ఏమో, ఉజ్జాయింపుగా ఇదే. ఉజ్జాయింపుగా అనేసుకున్నాను నేను. ఆయన రక్తం ఎక్కడికి పోతుంది.

బోర్డు ఆరిపోయింది. వేలి వెనక వైపుతో తాకి చూశాను, తడి లేదు, చల్లదనం కూడా లేదు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా ఊపిరి సర్దుకున్నాను. ఒక్కసారే. రాగి గీత అంచు ఉల్లిపొరలా పైకి లేచి ఉంది, దాన్ని పట్టకారుతో మెత్తగా కిందికి అదిమాను, నారింజ ముక్క కాళ్ళు రంధ్రాల్లో పెట్టాను, సీసం కరిగి మెరిసి గుండ్రంగా ఆగింది, ఒక కాలు. సన్నటి పొగ. రెండో కాలు. తీశాను. లాగి చూడాలని వేళ్ళు దురదపెట్టాయి, లాగలేదు. దాని బదులు జిగురు తీసి, ఇంత ముద్ద, కొలవకుండా, ఆ ముక్క మీద వేశాను. సేకరించేవాళ్ళు చూస్తే గుండాగి చస్తారు, చావనీ. బోర్డుని గూట్లోకి తోసి, స్పీకరు తీగ తగిలించి, ఉన్న స్క్రూలతో మూత బిగించాను.

తలెత్తేసరికి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, చేతిలో సగం మడతపెట్టిన దుప్పటి అలాగే ఉంది. బల్ల మీద విప్పిన రిమోట్‌నీ, నన్నూ, లాప్‌టాప్‌నీ మార్చి మార్చి చూసింది. లేచి కుర్చీ చూపించాను. అమ్మ వెంటనే రాలేదు, ఒక్క క్షణం ఆ దుప్పటిని గుండెలకి పట్టుకుని నిలబడింది, నిన్నటిది మళ్ళీ వినాల్సొస్తుందని అమ్మకీ భయమే, మొహం మీద కనిపిస్తూనే ఉంది. "ఒక్కసారి చూడమ్మా. ఇదే చివరిసారి" అన్నాను. దుప్పటి బల్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. స్విచ్ వేశాను. స్క్రీను వెలిగింది, లోపలి ఫ్యాను గొణిగింది. హాల్లోంచి నాన్న, నా రిమోటేదే, అని అడుగుతూ వస్తున్నాడు. అమ్మ మళ్ళీ ఒకసారి ఆ విప్పిన రిమోట్ వైపు చూసింది, లోపల ఖాళీ అయిన చోటు వైపు, తర్వాత నా వైపు, భుజాలు కదిలాయి, అమ్మ నవ్వు అలాగే ఉంటుంది, చప్పుడుండదు, భుజాలే కదులుతాయి. వంగి కొట్టడం మొదలుపెట్టింది. నిదానంగా, అక్షరం తర్వాత అక్షరం, నేను స్క్రీను చూడలేదు, ఆ చొక్కా గుండీనే చూస్తూ నిలబడ్డాను. అమ్మ వేలు దాని మీదికి వచ్చి ఆగింది. నొక్కింది.

"రిమోట్ పాడుచేసింది ఎవరు?"

మందంగా. నిదానంగా. కునుకులోంచి ఇప్పుడే లేచినట్టు. నా వెనక గుమ్మంలోంచి నాన్న, ఎవరూ అరిచి చెప్పకుండానే, "ఇంకెవరు, నీ కూతురే! చివరి ఓవరు చూడనివ్వలేదు!" అన్నాడు, అని, తను విన్నది ఏమిటో అప్పుడు అర్థమై అక్కడే ఆగిపోయాడు. అమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను బడిలో పిల్లలా చెయ్యి పైకెత్తాను.

"నేనేనమ్మా" అన్నాను. "ఈసారి నిజంగా నేనే."